పై కిటికీలో పర్దా

1858 మే 3, సోమవారం. లక్నో.

కలాన్ని కొలిచే కాయస్థుల ఇల్లు మాది. పోయిన దీపావళి తర్వాత కలానికి, సిరాబుడ్డికి పూజ జరగలేదు. ఊరి మీద గుండ్లు పడుతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఇవాళ మళ్లీ సిరా కలిపాను. ఇంట్లో మనుషులు లేక కాదు, ఉన్నారు. వాళ్లతో చెప్పకూడని సంగతులే ఈమధ్య ఎక్కువైపోయాయి.

లాంగ్‌డేల్ కెప్టెన్ దగ్గర పని మామూలే. ఏ కట్టడం పోవాలో ఆయన సున్నంతో గుర్తు పెడతాడు. నేను పెట్టె మోసుకెళ్లి దాని బొమ్మ తీస్తాను. తర్వాత పునాదుల్లో మందు కూరి పేల్చేస్తారు. బొమ్మలు మాత్రం భద్రంగా విలాయతు వెళతాయి. శవానికి ఆఖరి స్నానం చేయించడం లాంటి పని నాది. ఎవరో ఒకరు చేయాలి. కూడు పెడుతోంది.

పొద్దున్న చౌకీ దగ్గర కొత్త సిపాయి నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. గాజుపలకల వెండి మందుకి నా వేళ్లు నల్లబడి చాలా కాలమైంది.

"ఏం లాలా, ఎన్ని ఫిరంగులు పేల్చావు?"

"దీపావళి టపాకాయకే చెవులు మూసుకునే వంశం నాయనా మాది. ఇది బొమ్మల మందు."

నవ్వి వదిలేశాడు. నవ్వని వాడు ఎదురైన రోజు నా పని అంతే.

ఇవాళ తీసింది పంచ్‌దరా ఇమాంబారా, మా పాత వీధి చివర మొహర్రంకి పీర్లు నిలిపే ఐదు కమానుల కట్టడం. వడగాలి మొదలుకాక ముందే తీయాలి, లేకపోతే పలక మీద పూసిన మందు పెట్టెలోకి వెళ్లేలోపే ఎండిపోతుంది. మా ఉస్తాద్ పెట్టె కంటికున్న మూత తీసి, గడియారం చూసి మళ్లీ పెట్టేవాడు. నాకు మా తాతముత్తాతల పేర్లే గడియారం. మా నాన్న దేవీప్రసాద్, ఆయన తండ్రి ఠాకుర్ దాస్, ఆయన తండ్రి జీవన్ రామ్, అలా ఏడు తరాలు నిదానంగా చదివి మూత పెట్టేస్తాను. ఎండ తక్కువైతే ఊళ్ల పేర్లు కూడా చేరుస్తాను.

ఈ ఏడాది తీసిన వాటిలోకెల్లా ఇదే మేలైన పలక. ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు. పై అంతస్తులో ఎడమ చివరి కిటికీలో మాత్రం ఏదో తెల్లగా పడింది. పర్దా అయివుంటుంది.

మే 4.

పర్దానే. దోచుకున్నవాళ్లు అన్నీ పట్టుకుపోలేరు కదా. ఒక పర్దా వదిలేసి ఉంటారు.

మే 5, బుధవారం.

మా ఆవిడ మేడ మీద వడియాలు పెట్టడానికి వచ్చి, చోటు చాల్లేదని నా గాజుపలకలు తీసి తన నల్ల శాలువా మీద పరిచింది. ఎన్నిసార్లు చెప్పినా వినదు. నల్లటి దాని మీద పెడితే పలకలో తెలుపు నలుపులు తారుమారై బొమ్మ బొమ్మలా కనబడుతుంది. ఆవిడ వంగి చూసింది.

"ఏమండీ, సిబ్తే భాయి ఆ కిటికీలో ఏం చేస్తున్నారు?"

"సిబ్తే ఎక్కడ? అది పర్దా."

"పర్దాకి గడ్డం ఉంటుందా?"

"మాసిన పర్దాకి ఉంటుంది."

"అయితే ఆ మాసిన పర్దా మీకేసే చూస్తోంది. చూడండి, చెయ్యి గుండెల మీద పెట్టుకుంది కూడాను."

పలక లాక్కున్నాను. వెనక గదిలో ఉన్న బీ అమ్మ చెవిన పడితే ఊరుకోనని చెప్పాను. "ఊరుకోక ఏం చేస్తారు? మీకు కోప్పడటం కూడా సరిగ్గా రాదు" అని వడియాల పిండి ఎత్తుకుని అవతలికి పోయింది.

సరే, రాస్తాను. అది సిబ్తేనే. సోమవారం పలక కడిగినప్పుడే తెలుసు.

నేను పుట్టగానే మా అమ్మ పురిటిజ్వరంతో పోయింది. గోడ అవతలి ఇంట్లో బీ అమ్మ ఒళ్లో అప్పుడే పుట్టిన సిబ్తే ఉన్నాడు. ఒక పక్క వాణ్ణీ, ఇంకో పక్క నన్నూ వేసుకుని పాలిచ్చింది. మా నాయనమ్మ మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు గంగాజలం చల్లుకుని ఊరుకుందట. వాళ్ల మతంలో ఒకే తల్లి పాలు తాగితే అన్నదమ్ములే, దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. వాడు నవాబు గారి ఫిరంగుల దగ్గర చేరాడు, నేను బొమ్మల పెట్టె దగ్గర. పోయినేడు తిరుగుబాటులో వాడు ఆ ఫిరంగి మొహం ఇంగ్లీషువాళ్ల వైపు తిప్పాడు. ఇప్పుడు వాడి తలకు వెల కట్టి కొత్వాలీ గోడకు కాగితం అంటించారు. పనిలోకి తీసుకునేటప్పుడు కెప్టెన్ ఆ పేరు చదివి, తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను.

బీ అమ్మ ఇల్లు కొత్త రోడ్డులో పోయింది. మా వెనక గదిలో ఉంటోంది, పొయ్యి తనదే, వంట తనదే. ఒక కంటికి పొర కమ్మేసింది, రెండోది కూడా సగమే. నేను ఇంటికి రాగానే రోజూ ఒకటే ప్రశ్న. రోజూ ఒకటే జవాబు.

పెట్టె కొన్న కొత్తలో ఆవిడ మొట్టమొదట అడిగింది, నా కొడుకు బొమ్మ తియ్యరా కల్లూ అని. కాల్కా అన్న నా పేరు ఆవిడ నోట ఎప్పుడూ కల్లూనే. ఎన్నిసార్లు ప్రయత్నించానో. తల కదలకుండా వెనక ఇనపకొయ్య పెట్టినా సరే, నేను మూడో తాత పేరు చెప్పేసరికి వాడికి తుమ్ము వచ్చేది, నవ్వు వచ్చేది, ఈగ వాలేది. చొక్కా వచ్చేది, చెప్పులు వచ్చేవి, మొహం ఉండాల్సినచోట పొగ. "నీ ముత్తాతలు మరీ ఎక్కువమందిరా" అనేవాడు. వాడి మొహం ఉన్న పలక నా దగ్గర ఒక్కటీ లేదు. ఇప్పుడు, తన తలకు వెల ఉన్నప్పుడు, ఏడు తరాలు అయిందాకా గోడలా నిలబడ్డాడు.

నా పెట్టెలో కదిలేది పడదు, నిలబడేదే పడుతుంది. ఆ సంగతి వాడికి నేనే వందసార్లు చెప్పాను.

మే 6, గురువారం.

కెప్టెన్ పలకలు తెమ్మన్నాడు. ఇంకా మెరుగుపూత ఆరలేదన్నాను, ఫరవాలేదన్నాడు. భూతద్దం పెట్టి, వెలుతురు వైపు పట్టుకుని చూశాడు. ఆయనకు కట్టడాలంటే ప్రాణం. ఒక్కో కమాను దగ్గర ఆగి నిట్టూర్చాడు. అంత నిట్టూర్చే మనిషి కూల్చడం ఎందుకో ఆయన్ని అడిగేవాళ్లు లేరు.

"కాల్కా, పైన ఈ కిటికీలో ఏమిటి?"

"పర్దా, హుజూర్."

"ఆ ఇమాంబారాలో తలుపు చెక్కలు కూడా మిగల్లేదు. పర్దా ఎలా మిగిలింది?"

"ఎత్తున ఉంది కదా హుజూర్. అందివుండదు."

"నా హవల్దారుకి అందుతుంది. రేపు పంపి పీకించేస్తాను. పేల్చే ముందు ఇంకో బొమ్మ తీయాలి, అది శుభ్రంగా ఉండాలి."

నోరు దానంతట అదే ఏదో అనేసింది. పర్దా అన్నాను గానీ మచ్చ కూడా కావచ్చు హుజూర్, ఈ ఎండకి మందు పొంగి మచ్చ కడుతుంది, అన్నాను.

"పర్దానా, మచ్చా? ఏదో ఒకటి చెప్పు."

"తుడిస్తే పోయేది మచ్చ, పోనిది పర్దా. తుడిచి చూపిస్తాను. పాపం హవల్దారుగారు ఆ విరిగిన మెట్లెక్కి కాలు విరగ్గొట్టుకోవడం దేనికి?"

భూతద్దం కింద పెట్టాడు. తర్వాత నవ్వాడు. రేపు పొద్దున్నకల్లా తెమ్మన్నాడు.

సాయంత్రం మేడ మీద కూర్చుని సూది తీశాను. గీకినచోట ఒట్టి గాజు మిగులుతుంది, కాగితం మీద అచ్చు తీస్తే అక్కడ చీకటి వస్తుంది. ఒక కిటికీలో చీకటి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. పని చిన్నదే, వేలిగోరంత మనిషి. సూది తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాను. మా ఆవిడ పక్కన నిలబడి, "ఒక్కసారి ఆవిడకి చూపించి గీకండి" అంది. ఈ కళ్లతో గాజులో ఏం కనబడుతుంది, కనబడితే మాత్రం ఊరుకుంటుందా, వీధంతా వినబడేలా ఏడవదా అన్నాను. నిజానికి ఆవిడ చూస్తే నేను గీకలేనని భయం.

కింద రంజాన్ ఉపవాసం విడిచే వేళయింది. బీ అమ్మ ఉప్పు నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పైకి కేకేసింది.

"కల్లూ, వచ్చావా నాన్నా? వాడి కబురేమైనా తెలిసిందా?"

సూది అప్పటికి వాడి భుజం మీద ఉంది.

"లేదు, బీ అమ్మా."

ముందు చెయ్యి తీశాను. తర్వాత గడ్డం. కళ్లు ఆఖరున. ఇంత చక్కగా వచ్చిన మొహం నా జీవితంలో ఇంకొకటి లేదు. ఎందుకు రాస్తున్నానంటే, నేను ఏడ్చాను. అది ఎక్కడో ఒకచోట ఉండాలి.

మే 7.

"మచ్చే" అన్నాడు కెప్టెన్. మెచ్చుకున్నాడు కూడా.

వచ్చే బుధవారం పొద్దున్న పంచ్‌దరా పేలుస్తారు. ముందు నేను ఆఖరి బొమ్మ తీయాలి, నేను పలక భద్రపరిచాకే నిప్పు పెడతారట. ఎంత మర్యాద.

ముందు వాకిట్లో పహరా, వెనక వాకిట్లో పహరా. పాలరాయి ఎవరూ ఎత్తుకుపోకుండానట. వాడు లోపల దూరాకే ఈ పహరా వచ్చి ఉంటుంది, లేకపోతే ఎప్పుడో పోయేవాడు.

మే 8.

ఫిరంగి తిప్పిననాడు వాడు నన్ను అడగలేదు. నాకేం సంబంధం లేదు. నాకు పెళ్లాం ఉంది, పని ఉంది, వెనక గదిలో ఒక ముసలామె ఉంది.

ఇవాళ రెండుసార్లు పంచ్‌దరా మీదుగా వచ్చాను. అది దగ్గర దారి.

ఆ మాట ఇంట్లో అంటే, "అవును, గోమతి అవతలి ఒడ్డు మీదుగా వస్తే ఇంకా దగ్గర" అంది మా ఆవిడ.

మే 9, ఆదివారం.

మూడోసారి అటు వెళ్లేసరికి నీళ్లు మోసే ఘసీటే ఎదురొచ్చాడు. పునాదులు తవ్వే కూలీలకి, పహరా సిపాయిలకి తోలుతిత్తితో నీళ్లు పోస్తున్నాడు. మా పాత వీధి మనిషే.

"లాలాజీ, నిన్నటి నుంచి ఇటే తిరుగుతున్నారు. దాహమా, ఇంకేమన్నానా?"

"బొమ్మ ఎక్కడ నిలబడి తీయాలా అని చూస్తున్నాను."

"చూడండి, చూడండి." తిత్తి మూతి కట్టుకుంటూ నా పక్కకు జరిగాడు. "నేను పైకి కూడా నీళ్లు మోస్తున్నాను. పీర్లు దాచే గది వరకు. రోజూ సాయంత్రం ఇన్ని శెనగలు కూడా."

దూరంగా సిపాయి ఆవలించాడు.

"పైనున్నాయన మిమ్మల్ని ఒకమాట అడగమన్నాడు లాలాజీ. ఈసారి కుదురుగా నిలబడ్డాను, అమ్మకి చూపించావా, అని."

భయంతో బిగుసుకుపోయి నిలబడ్డాడని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. కిటికీలోంచి నన్నూ, నా పెట్టెనూ చూశాడు. తల్లికి బాకీ ఉన్న ఒక్క బొమ్మ ఇచ్చి పోదామని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఫిరంగులవాడికి ఉండే బుద్ధే అంత.

"బాగా వచ్చిందని చెప్పు" అన్నాను.

ఘసీటే తల ఊపాడు. అప్పుడే నా కళ్లు నడిమి కమానులోంచి లోపలికి వెళ్లాయి. చీకటి హాలు, దాని అవతల తెల్లటి ఎండలో వెనక వాకిలి, ఆ వాకిట్లో పహరా సిపాయి తుపాకి మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇక్కణ్ణుంచి తీస్తే వాడు బొమ్మలో పడతాడు. సరిగ్గా మధ్యలో.

"ఇంకో మాట చెప్పు. బుధవారం నేను పెట్టె మూత తీయడం కిటికీలోంచి చూసి, వెంటనే మెట్లు దిగమను. వెనక వాకిట్లో ఎవరూ ఉండరు. మళ్లీ మూత పెట్టేలోపు దాటిపోవాలి. ఎక్కడా నిలబడొద్దని చెప్పు. ఈ ఒక్కసారికి ఎప్పటి సిబ్తేలాగే ఉండమను."

"వెనక వాకిట్లో ఎవరూ ఎందుకుండరు?"

"ఉండరు" అన్నాను. నాకు తెలిస్తే కదా.

మే 10.

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. కలం కొలిచేవాడు రాసింది చింపకూడదని మా నాన్న అనేవాడు. ఈ పుస్తకం పిండిజాడీలో పెట్టమని మా ఆవిడకి ఇస్తున్నాను.

కెప్టెన్‌ని కలిశాను. ఆఖరి బొమ్మ నడిమి కమానుకి ఎదురుగా తీస్తే ఐదు దర్వాజాలూ, లోపలి హాలూ, అవతలి వెలుతురూ అన్నీ ఒకేసారి వస్తాయని చెప్పాను. కళ్లు మెరిశాయి ఆయనకు. కాగితం మీద గీసి చూపించమన్నాడు, గీశాను.

"ఒక్కటే చిక్కు హుజూర్. వెనక వాకిట్లో సిపాయి."

"ఉంటే ఏం?"

"నల్లటి మేకులా మధ్యలో దిగబడతాడు. నిలబడ్డ మనిషి బొమ్మలో పడతాడు. నడిచే మనిషి పడడు. వాణ్ణి అటూ ఇటూ నడవమంటే వాకిలంతా పొగ అవుతుంది."

"గోడ వారకి పంపేస్తాను" అని మీసం దువ్వుకున్నాడు. అంతటితో లేచి వచ్చేయాల్సింది. వచ్చేసేవాణ్ణే. ఆయన భూతద్దం చేతిలో తిప్పుతూ, "అంటే, ఆ రోజు కిటికీలో ఎవరన్నా ఉండి ఉంటే, కదలకుండా నిలబడి ఉండాలన్నమాట" అన్నాడు.

"అవును, హుజూర్."

"అంతసేపు ఎవరు నిలబడతారు?"

"ఎవరూ నిలబడరు. అందుకే అది మచ్చ, హుజూర్."

వెళ్లమన్నాడు. ఇంటికి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మే 11.

ఇసుకతుపాను. పట్టపగలు చీకటి. రేపు ఇలాగే ఉంటే బొమ్మ వద్దు, ముందు పేల్చేయండి అంటాడు కెప్టెన్. బీ అమ్మ తస్బీ పూసలు తిప్పుతూ జపం చేస్తోంది, మా ఆవిడ హనుమంతుడికి మొక్కుకుంది. ఇద్దరూ ఎందుకని నన్ను అడగలేదు. ఒకావిడకి తెలుసు, ఒకావిడకి తెలియదు.

మే 12, బుధవారం.

తెల్లవారేసరికి గాలి కడిగినట్టుగా ఉంది.

నేను వెళ్లేసరికి మందు కూరడం అయిపోయింది. పునాది కన్నాల్లోంచి వత్తితాడు నా పెట్టె పక్కదాకా పరిచి ఉంది. కెప్టెన్, హవల్దారు, మందుపాతరవాళ్లు అందరూ నా వెనకాల నిలబడ్డారు. ముందు వాకిటి పహరా తీసేశారు. హవల్దారు కేకేస్తే వెనక సిపాయి గోడ వారగా అవతలికి పోయాడు. నల్లగుడ్డలో తల పెట్టి చూశాను. అందులో లోకం తలకిందులు కదా. ఆకాశం కింద, ఇమాంబారా పైనుంచి వేలాడుతూ, దాని నడిమి కమానులో చిన్న తెల్లటి వాకిలి. ఖాళీగా.

గుడారంలో పలక తయారు చేసుకుని వచ్చి పెట్టెలో దూర్చాను. దుమ్ము లేవకుండా నేల తడపమని కెప్టెనే ఘసీటేని పిలిచాడు. వాడు తిత్తి భుజాన వేసుకుని చిలకరిస్తూ వచ్చాడు.

మూత తీశాను.

దేవీప్రసాద్, ఆయన తండ్రి ఠాకుర్ దాస్, ఆయన తండ్రి జీవన్ రామ్. వెనక ఎవరో దగ్గారు. ఎప్పుడూ ఇంత మెల్లగా చదవలేదు. హృదయ్ రామ్, ఆయన తండ్రి భగౌతీ దాస్. వాకిలి ఖాళీ. మెట్లు విరిగి ఉన్నాయి, వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో. ఆరో తాత, ఏడో తాత. ఏడు తరాలూ అయిపోయాయి. వాడింకా రాలేదు.

"అయిందా?" అన్నాడు కెప్టెన్.

"ఇంకా లేదు హుజూర్, ఎండ పలచగా ఉంది."

నాకు ఏడో తాతకు పైన పేర్లు తెలియవు. వాడివి తెలుసు. చిన్నప్పుడు ఆ ఇమాంబారాలోనే, పీర్ల ముందు షర్బత్తు కోసం కూర్చున్నప్పుడు, వాళ్ల నాన్న చదువుతుంటే విన్నవి. సిబ్తే తండ్రి మీర్ బాకర్ అలీ, ఆయన తండ్రి మీర్ ముజఫ్ఫర్. ఒకే పాలు తాగాం, వాళ్లూ నా తాతలే అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, నిజమే.

హాలు చీకట్లో ఏదో కదిలింది. నాకు కనబడిందంటే వెనకవాళ్లకీ కనబడుతుంది. అప్పుడే ఘసీటే కాలు జారింది. తిత్తిలో నీళ్లన్నీ వత్తితాడు మీద పడ్డాయి. హవల్దారు బూతులు తిడుతూ దూకాడు, కెప్టెన్ "నిమక్ హరామ్" అని అరిచాడు, చెంపదెబ్బ చప్పుడు వినబడింది. అందరి కళ్లూ నేల మీదే. నేనొక్కణ్ణే ఎదురుగా చూస్తున్నాను.

తల మీద మట్టితట్ట, మోకాళ్ల పైకి పంచె. వెనక వాకిట్లోకి వచ్చాడు. వెలుతురులోకి వచ్చాడు. ఆగాడు. వెధవ, ఆగాడు. ఇటు తిరిగాడు. "మీర్ ముజఫ్ఫర్ తండ్రి మీర్ నజఫ్, నడువు, ఆయన తండ్రి మష్‌హద్ నుంచి వచ్చిన మీర్ హాషిమ్, నడవరా" అంటూనే ఉన్నాను, పైకి వినబడిందో లేదో.

కదిలాడు. వాకిలి ఖాళీ అయింది. మూత పెట్టేశాను.

"ఇవాళ నీ లెక్క పొడుగైంది, కాల్కా" అన్నాడు కెప్టెన్, పంట్లాము మీద బురద తుడుచుకుంటూ.

"ఆఖరి బొమ్మ కదా హుజూర్."

తడిసిన తాడు తీసి కొత్తది వేయడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యం వాడికి ఎంత దూరమిచ్చిందో ఘసీటేకి తెలుసో లేదో. తర్వాత పేల్చారు. ఐదు కమానులూ ఒకేసారి మోకాళ్ల మీద కూలబడ్డాయి. కెప్టెన్ టోపీ తీసి, కళ్లు తుడుచుకున్నాడు. కూల్చినవాడే ఏడ్చేస్తుంటే నేనేం చేయాలో తోచక పెట్టె సర్దుకున్నాను. నాకు ఆ వేళ ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి షర్బత్తు అడిగి, గ్లాసు చేతిలోకి తీసుకున్నాక వచ్చింది.

మే 13.

అచ్చు తీసి ఇచ్చాను. ఐదు దర్వాజాలూ దివ్యంగా ఉన్నాయి. కెప్టెన్ భూతద్దం నడిమి కమాను దగ్గర ఆగింది.

"వెనక వాకిట్లో ఈ పొగ ఏమిటి?"

"మొన్నటి దుమ్ము, హుజూర్."

"మచ్చ కాదా?" అని నా మొహంలోకి చూశాడు. ఆయనకు తెలుసో తెలియదో నాకు ఎప్పటికీ తెలియదు. "గీకకు. బాగానే ఉంది" అని పెట్టెలో పెట్టుకున్నాడు.

ఘసీటే ఒక చెంప వాచి ఉంది. సిబ్తే చాకళ్ల రేవు దగ్గర నావ ఎక్కాడట, అవతలి ఒడ్డున దిగడం ఘసీటే చూశాడట. అంతకుమించి తెలియదు.

మే 15, శనివారం. ఈద్.

కాగితం మీద రెండో అచ్చు ఒకటి తీసి దాచాను. ఇవాళ బీ అమ్మ స్నానం చేసి, ఉన్న ఒక్క మంచి దుపట్టా వేసుకుని కూర్చుంటే తీసుకెళ్లి చేతిలో పెట్టాను.

"ఏమిట్రా ఇది?"

"సిబ్తే బొమ్మ."

కాగితం ముక్కుకి ఆనేలా పట్టుకుని, పొర లేని కంటి దగ్గర అటూ ఇటూ జరిపింది. "గోడలు కనబడుతున్నాయి. మన పంచ్‌దరా. వాడేడీ?"

ఆవిడ వేలు పట్టుకుని నడిమి కమానులో, తెల్లటి వాకిట్లో పెట్టాను. అక్కడ పొగలాంటిది ఉంది. ఒక్క క్షణం ఆగినచోట మాత్రం భుజం లాంటిదేదో.

"ఇదా? ఇది పొగ కదరా."

"వాడే. మొన్న బుధవారం తీశాను. నా కళ్లతో చూశాను, బీ అమ్మా."

ఆవిడ వేలు అక్కణ్ణుంచి తీయలేదు. నేను కిటికీ సంగతి చెప్పలేదు. సూది సంగతి చెప్పలేదు. ఎప్పుడో చెప్పాలి, ఈద్ నాడు కాదు.

"రోజూ అడిగితే రోజూ లేదన్నావు" అని నా చెవి పట్టుకుని మెలేసింది, గట్టిగానే. తర్వాత మళ్లీ కాగితం కంటికి ఆనించుకుంది. "వాడేలే. కదలకుండా ఎప్పుడు నిలబడ్డాడు గనక? ఎటు పోతున్నాడు?"

"బయటికి."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి కళ్లు ఒత్తుకుంటోంది. బీ అమ్మ తన పొయ్యి మీది సేమ్యా పాయసం ఒక గిన్నెలో పోసి నా ముందు పెట్టింది. తాగేశాను. రెండో గిన్నె కూడా పోసి దాని పక్కనే పెట్టింది.

"ఇది వాడిది" అంది. "పుట్టిననాడు వాడి పాలు తాగావు. ఇదీ నువ్వే తాగు."